మా బావ చూసిన లారీ

మా అక్క సౌభాగ్య మొగుడు వెంకోబరావు జీవితంలో ఎన్నడూ తప్పు చేయలేదు. ఇది నా మాట కాదు, ఆయన మాటే. పాలు పొంగిపోతే తప్పు స్టవ్వుది. బస్సు తప్పిపోతే డ్రైవరుది. రాయచూరు గంజ్‌లో పత్తి అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో గుమాస్తా. అక్కడ లెక్క తేడా వస్తే కాగితాన్ని తిట్టే మనిషి. ఇలాంటి మహానుభావుడికి చౌకలో ఒక పాత కారు దొరికింది. ఇక చూడాలి ఆయన ఠీవి! వీధిలో సైకిలు తొక్కే పిల్లల్ని కూడా ఆపి, బండి ఎలా నడపాలో చెప్పేవాడు. వాళ్లు బెల్లు కొట్టుకుంటూ పారిపోయేవాళ్లు.

ఒక్క మంచి పని చేశాడు, ఒప్పుకోవాలి. కారుకు పూర్తి ఇన్సూరెన్సు కట్టాడు. అదీ జాగ్రత్త కొద్దీ కాదు, నలుగురిలో "ఫుల్ ఇన్సూరెన్సు" అని చెప్పుకోవడానికి.

నిరుడు పత్తి తీసే రోజుల్లో బంధువుల ఇంట నామకరణానికి ముగ్గురం ముదగల్ బయలుదేరాం. ముందు సీట్లో అక్క, వెనక నేను. బావకు ఒక నియమం ఉంది. దారిలో ఏ గుడి కనిపించినా దండం పెట్టాలి. పెట్టుకోనీ, ఎవరు వద్దన్నారు? బండి నడిపేవాళ్లు చాలామంది ఒక చెయ్యి గుండెకు ఆనించి ముందుకు పోతారు. మా బావకు అది పనికిరాదు. ఒంటి చేత్తో దండం పెడితే దేవుడికి అవమానమట. స్టీరింగు వదిలి రెండు చేతులూ జోడిస్తాడు, పైగా కళ్లు మూసుకుంటాడు. అక్క ఎన్నిసార్లో మొత్తుకుంది. "హనుమంతుడు చూసుకుంటడు తియ్" అనేవాడు.

కల్మల దాటాక రోడ్డు పక్కన చిన్న గుడి వచ్చింది. బావ చేతులు జోడించాడు, కళ్లు మూశాడు. తెరిచేసరికి కారు కల్వర్టు గోడను గుద్దుకుని ఉంది. ఆయనకు నుదుటి మీద బొప్పి కట్టింది. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. అక్క కాలు మోకాలి కింద విరిగిపోయింది.

పత్తి చేలోంచి పరుగెత్తుకొచ్చిన వాళ్లు అక్కను బయటికి తీస్తున్నారు, ఆమె కేకలు పెడుతోంది. అప్పుడే బావ వాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు: "లారీ ఒగటి ఎదురుంగ ఒచ్చింది. నేను తిప్పుకోబట్టి బతికినం."

ఏ లారీ? ఆ రోడ్డు మీద ఒక మేక కూడా లేదు!

పోలీసులకూ అదే చెప్పాడు. నేను నోరు తెరవబోతే "నీకేం తెల్వదు, ఊకో" అని కసిరాడు. ఆసుపత్రికి పరామర్శకు వచ్చిన ప్రతివాడి ముందూ ఆ లారీ కాస్త కాస్త పెరుగుతూ పోయింది. మొదట ఉత్త లారీ. తర్వాత ఇసుక లారీ. శక్తినగర్ నుంచి ఆయన స్నేహితుడు వచ్చేసరికి లారీ డ్రైవరుకు మీసాలు మొలిచాయి, తాగిన వాసన కూడా వచ్చింది. రోడ్డు అవతలి నుంచి వాసన పసిగట్టిన మనిషికి నంబరు మాత్రం కనబడలేదట!

మొదటి ఆపరేషన్ అక్క గాజులు కుదువపెట్టి చేయించాం. ఎముక అతకలేదు. మళ్లీ కోసి రాడ్డు మార్చకపోతే ఆమె ఆ కాలు ఇక నేల మీద ఆనించలేదని డాక్టరు చెప్పాడు. ఇంట్లో అమ్మడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇన్సూరెన్సు సొమ్ము కచ్చితంగా వస్తుందని వకీలు చెబితే, అందాకా తాను సర్దుతానని బావ యజమాని అయ్యప్ప మాటిచ్చాడు. నేను వకీలు బసవలింగప్ప దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"నోడమ్మా, ఇటు సూడు," అన్నాడాయన, "బండి నడిపినోడి తప్పైతే, అండ్ల కూసున్నోల్ల ఖర్చు ఆ బండి ఇన్సూరెన్సు కంపెనీ ఇయ్యాలె. లారీ తప్పంటే, పోయి ఆ లారీని పట్టుకరాండ్రి అంటరు. పోలీసోల్లు మీ అక్క బయాన్ ఇంకా రాసుకోలేదు గద? ఆమె ఉన్నదున్నట్టు చెప్తే చాలు. మిగతాది నేను చూసుకుంట."

అంటే, నిజం చెబితే కాలు దక్కుతుంది. లోకంలో ఇంత సులువైన బేరం ఎవరికి కుదురుతుంది? మా బావకు మాత్రం అదేదో ప్రాణం మీదికి వచ్చినట్టయింది.

"కట్టుకున్నదే నా మీద కేసేస్తదా?" అని ఎగిరాడు. "గంజ్‌ల తలెత్తుకోని తిరగాల్నా వద్దా నేను?"

"మరి అక్క నడవాల్నా వద్దా బావా?" అన్నాను.

పోలీసు వస్తాడని తెలిసిన నాడు పొద్దున్నే బావ మంచం పక్కన స్టూలు వేసుకుని అక్కకు పాఠం చెప్పాడు. లారీ ఎటునుంచి వచ్చింది, ఎంత జోరుగా వచ్చింది, అన్నీ. సిగ్గూ శరమూ ఉండాలి మనిషికి! అక్క కళ్లు మూసుకుని వింది. నాకు భయం వేసింది. ఆయన మాటకు ఎన్నడూ ఎదురు చెప్పిన మనిషి కాదామె.

హెడ్ కానిస్టేబుల్ గోపాలయ్య వచ్చి కాగితం తీశాడు. "లారీ ఎట్లున్నదో ఏమన్న యాదికుందా అమ్మా?"

"లారీ లేదు," అంది అక్క. "గుడి ఒచ్చింది. రెండు చేతులు ఇడిసిపెట్టి దండం పెట్టిండ్రు. బండి పోయి గోడకు కొట్టుకున్నది."

బావ దిగ్గున లేచాడు. "మందుల మత్తు సార్. ఏందేందో మాట్లాడుతున్నది."

గోపాలయ్య ఆయన వైపు చూడనైనా చూడలేదు. "బండి నడిపింది ఎవరమ్మా?"

"మా ఆయన."

"పేరు చెప్పాలె."

మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. రేషను దుకాణంలో అడిగినా పక్కవాళ్ల చేత చెప్పిస్తారు. పెళ్లి పీటల మీద నుంచి లేచాక అక్క నోట ఆ పేరు నేనెన్నడూ వినలేదు. నేను అందించబోతే గోపాలయ్య చెయ్యి అడ్డం పెట్టి, ఆమే చెప్పాలన్నాడు. అక్క ఒకసారి కట్టు కట్టిన కాలు వైపు చూసుకుంది.

"వెంకోబరావు," అంది. గట్టిగానే అంది. పక్క మంచాలవాళ్లు కూడా తిరిగి చూశారు.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కంపెనీవాళ్లు ఆ తర్వాత చాలా నసిగారు గానీ, ఆ వాంగ్మూలం మీదే ఆఖరికి ఖర్చంతా ఇచ్చారు.

కానిస్టేబుల్ వెళ్లిపోయాక బావ స్టూలు మీద కూలబడ్డాడు. అక్క రోడ్డు మీద పడి కాలు పట్టుకుని ఏడుస్తున్నప్పుడు చెమ్మ కూడా రాని ఆ కళ్లలో అప్పుడు నీళ్లు తిరిగాయి.

"ఇంతమందిల నా పేరు పెట్టి చెప్పినవు గదనే," అన్నాడు.

"చెప్పిన," అంది అక్క. "ఇగ లేచిపోయి డాక్టర్ను పిలుసుకరాండ్రి."