మా పెద్దమ్మ ఎత్తు

పోయిన నెల హిందూపురంలో బంధువుల పెళ్లికి వెళ్లాను. స్టేజీ మీద పెళ్లికూతురు పెళ్లికొడుకు కంటే బెత్తెడు పొడుగు. ఫోటోలు తీసే అబ్బాయి ఎంతో మర్యాదగా, "మేడమ్, రవ్వంత ఒంగండి, ఒక్క నిమిషం" అన్నాడు. ఆ పిల్ల నవ్వుతూనే ఒంగింది. నా పక్క కుర్చీలో ఉన్న మా పెద్దమ్మ చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజులు చేతిలోకి నొక్కుకున్నాయి. ఆమె ఎందుకలా పట్టుకుందో ఆ హాల్లో నాకూ మా పెద్దనాయనకూ తప్ప ఇంకెవరికీ తెలియదు. మాకు తెలిసి కూడా ఎంతో కాలం కాలేదు.

ఈమె మా అమ్మకు అక్క. పెళ్లయి ధర్మవరం పోయింది. పెద్దనాయన మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు, ఆమె పక్కనే రాట్నం ముందు కూర్చుని పట్టుపోగు కండెలకు చుట్టేది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆమె వీపు వంగే ఉంది. భుజాలు ముందుకు ముడుచుకుని, నేల మీద పడిన సూదిని వెతుకుతున్నట్టు నడిచేది. అది ఆమె ముక్కు మాదిరి పుట్టుకతో వచ్చిందేనని పిల్లలం అనుకునేవాళ్లం. పెద్దవాళ్లు మాత్రం రాట్నం తిప్పీ తిప్పీ అలా అయిందని తేల్చేశారు. ఆ మాటను అందరికంటే గట్టిగా నమ్మింది పెద్దనాయన. ఒకరోజు రాట్నం తీసి అటక మీద పడేసి, కండెలు పక్కింటివాళ్ల చేత చుట్టించుకోవడం మొదలుపెట్టాడు. కొడుకులను మగ్గం గుంతలో కాలు పెట్టనివ్వలేదు. "ఇది మీయమ్మ నడుము తినింది చాల్లేప్పా" అనేవాడు. మనిషి పొట్టి. కానీ మగ్గం మీద కూర్చున్నవాడి పొడుగు గురించి ఎవరు ఆలోచిస్తారు? చెప్పులు మాత్రం లావు అట్టవే వేసేవాడు. అవి అరగకముందే ఇంకో పొర కుట్టించుకునేవాడు. మడమ నొప్పికి మంచిదనేవాడు. మా ఇంట్లో నొప్పి పేరు చెబితే దేన్నైనా నమ్మేవాళ్లం.

కొన్నేళ్ల క్రితం పెద్దమ్మ నొప్పి బాగా ముదిరింది. వెల్లకిలా పడుకోలేక, గోడకు దిండ్లు ఆనించుకుని కూర్చునే కునుకు తీసేది. చెయ్యి తలదాకా లేచేది కాదు, అందుకని పెద్దనాయనే జడ వేసేవాడు. పట్టుపోగులు ముడివేసిన వేళ్లు కదా, జడ మాకంటే బాగా కుదిరేది. నూనెలు, పట్టీలు, బెల్టులు, ఎక్స్‌రేలు అన్నీ అయ్యాయి. అరుగుదల అన్నారు, వయసన్నారు. "ఇట్లే పోతానేమో పాపా, కూచోనే" అని ఆమె ఒకసారి నాతో మామూలుగా అంటే నాకు ఆ పూట అన్నం దిగలేదు. హిందూపురంలో మందుల షాపు పైన గోరంట్ల పిల్ల ఒకామె ఫిజియోథెరపీ చదివొచ్చి, చేతులతోనే ఒళ్లు సరిచేస్తుందని పెనుకొండలో మా వీధివాళ్లు చెప్పారు. వారానికోసారి వాళ్లిద్దరూ ధర్మవరంలో రైలెక్కేవాళ్లు. నేను పెనుకొండలో అదే పెట్టె ఎక్కేదాన్ని.

డాక్టరమ్మ అనే పిలిచేవాళ్లం ఆ పిల్లను. మాట తక్కువ, చేతుల్లో బలం ఎక్కువ. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వీపు రెక్కల చుట్టూ బొటనవేళ్లతో, మెడ కింద అరచేతి మొదలుతో నిదానంగా ఒత్తుతూ "ఊపిరి వదలండమ్మా" అనేది. పెద్దమ్మ మొదట మూలిగేది, తర్వాత తర్వాత ఆవలించేది. అలా కొన్ని వారాలయ్యాక ఒకరోజు ఆమెను గోడకు ఆనించి నిలబెట్టింది. మడమలు తగిలాయి, వీపు తగిలింది, మెల్లగా తల కూడా గోడకు తగిలింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఆమె మొహం చూడాలంటే నేను తలెత్తాల్సి వచ్చింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న మనిషి నాకంటే పొడుగని నాకు ఆ రోజు తెలిసింది.

సరిగ్గా అప్పుడే పెద్దనాయన నీళ్ల సీసా ఇవ్వడానికి తలుపు తోసుకుని వచ్చాడు. పెద్దమ్మ భుజాలు ఠక్కున ముడుచుకున్నాయి. డాక్టరమ్మ చెయ్యి ఇంకా ఆ భుజం మీదే ఉంది. ఆ పిల్ల మొహం మారిపోయింది. "పెద్దాయనా, ఒకసారి బయటికి పోయి రాండి" అంది. ఆయన అయోమయంగా వెళ్లాడు. భుజాలు విచ్చుకున్నాయి. మళ్లీ వచ్చాడు. ముడుచుకున్నాయి. డాక్టరమ్మ నెమ్మదిగా అంది: "ఎముక బిగుసుకోలేదమ్మా, మీరే బిగబట్టుకోనుండారు. నేనెంత వదులు చేసినా మీరు మళ్లా ఒంగితే ఈ నొప్పి పోదు. ఎందుకు ఒంగుతాండారు?"

పెద్దమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది. "తలంబ్రాలప్పుడు మాయమ్మ చెవులో చెప్పింది" అంది. "అల్లునికి అందదు, తల వంచు పాపా అనింది. వంచినా. మళ్లా ఎత్తమని ఎవురూ చెప్పల్యా."

ఆ మాట అన్న మా అవ్వ పెళ్లి పనుల్లో పడి ఆ పూటే దాన్ని మర్చిపోయి ఉంటుంది. ఆమె పోయి కూడా చాలా కాలమైంది. పెద్దనాయన నీళ్ల సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "రాట్నమనుకుంటి కదే నేను" అన్నాడు. "చెప్తే నువ్వు బాధపడతావని" అంది ఆమె. నిజమే, చెబితే నువ్వు పొట్టి అని మొగుడి మొహానే అన్నట్టు. అందుకని నింద మగ్గం మీదే ఉండనిచ్చింది. ఆయన బయటికి వెళ్లిపోయాడు. ఇక ఈమె నిటారుగా నిలబడదు, ఈ నొప్పి పోదు అనుకున్నాను.

మేం బయటికొచ్చేసరికి పెద్దనాయన వరండా బెంచీ మీద కూర్చుని, తన చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని దాని అట్ట కేసి చూస్తున్నాడు. "ఇది మడమ నొప్పికి కాదులే" అన్నాడు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈమె కిందికి దిగుతూ, ఆయన పైకి ఎక్కుతూ, ఒకరికొకరు చెప్పుకోకుండా ఇన్నేళ్లు సంసారం చేశారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను రెండూ చేశాను. ఆయన ఉత్తకాళ్లతో లేచి ఆమె ముందు నిలబడ్డాడు. "వంచమనిన మీయమ్మ ఇప్పుడు ల్యాదు. నేను చెప్తాండా. ఎత్తు" అన్నాడు. ఆమె ఎత్తింది. ఆయన ఆమె గడ్డం దాకా వచ్చాడు.

వీపు పూర్తిగా నిటారు కాలేదు. కానీ వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. జడ తనే వేసుకుంటోంది. దానికి కాస్త చిన్నబుచ్చుకున్నది పెద్దనాయన ఒక్కడే.

పోయిన నెల పెళ్లిలో పెద్దమ్మ నా చెయ్యి వదిలేసి లేచింది. స్టేజీ మెట్ల దాకా పోయి, ఆ ఫోటోల అబ్బాయి భుజం తట్టింది. "ఏమబ్బా, ఆ పాపను ఒంగమంటాండావు సరే, మళ్లా ఎత్తమని గూడా చెప్తావా?" అని అడిగింది. అతను తెల్లబోయాడు. పెళ్లికూతురు మాత్రం తలెత్తి చూసింది. ఒక్క నిమిషం అన్నవాళ్లు ఆ నిమిషం అయిపోయిందని చెప్పడం మర్చిపోతే, అది ఎంత కాలం సాగుతుందో నేను కళ్లారా చూశాను.