అక్క డిస్కు

మా తమ్ముడికి ఇంట్లో అందరూ పెట్టిన పేరు కంగారు. చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగిపోయి, సగం దారిలో గుర్తొచ్చి వెనక్కి వచ్చే రకం. అలాంటివాడు మేడమెట్ల కింద ఇరుకు గదిలో పన్నెండేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేసి బతుకుతున్నాడంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆరేళ్ళ కిందట నా కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తూ, ఒక డిస్కు బదులు ఇంకో డిస్కు చెరిపేసి, నా పెళ్ళి ఫోటోలన్నీ గంగలో కలిపాడు. ఏడాదిపాటు వాడి మొహం చూడలేదు. తరవాత మాటలు కలిశాయి గానీ, కంప్యూటర్ మాత్రం బయటి షాపులకే ఇచ్చేదాన్ని.

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. తొమ్మిదేళ్ళ ప్లాన్లూ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. ఇంకో కాపీ ఎందుకు దాచుకోలేదని మీరూ అడగకండి, చెప్పీ చెప్పీ విసిగిపోయాను. మొన్న కంప్యూటర్ మొరాయిస్తే షాపువాడు పది రోజులన్నాడు. గత్యంతరం లేక తమ్ముడి దగ్గరికే పట్టుకెళ్ళాను.

"నీ డిస్కు జోలికే వెళ్ళనక్కా. కొత్తది చిన్నదొకటి బోర్డుకి తగిలించి, సిస్టం అందులో ఎక్కిస్తా," అన్నాడు. పొద్దున్నే పెట్టె విప్పాడట. ఇంతలో ఏదో ఆఫీసులో ప్రింటర్ ఆగిపోయిందని ఫోనొస్తే పరిగెత్తాడట.

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి తెర ముందు బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

సిస్టం ఎక్కించే ముందు తెర మీద వచ్చే డిస్కుల జాబితాలో కొత్తదొక్కటే ఉంది.

"నీది కనబడట్లేదక్కా. బోర్డుకి వెళ్ళే కేబుల్ మార్చా, బోర్డు మీద ఇంకో చోట పెట్టా, సెట్టింగులన్నీ వెతికా. చెవి పెట్టి విన్నా, లోపల తిరుగుతున్న చప్పుడే లేదు. పోయిందేమో."

నోటికొచ్చినన్ని తిట్టాను. ఫోటోల సంగతి కూడా తవ్వాను. వాడు తలెత్తలేదు. తిట్టే ఓపిక కూడా అయిపోయి, కూలబడదామని స్టూలు లాగాను. దాని మీద కంప్యూటర్ పక్కరేకు ఉంది. తీసి గోడకు ఆనించబోతే లోపలి వైపు అంటించిన చీటీ కనబడింది. వాడి కొక్కిరిబిక్కిరి రాతే.

"అక్క డిస్కు. కరెంటు డబ్బా దగ్గర వైరు తీశాను. ముందు సిస్టం, తరవాత వైరు."

"ఇదేంట్రా?"

వాడు చదివి, చటుక్కున నుదురు కొట్టుకున్నాడు. "నేనే పీకానక్కా! పొద్దున!"

డిస్కు వైపు వైరు కొస బిగుతుగానే ఉంది. రెండో కొసే, లోపల అన్నిటికీ కరెంటు పంచే డబ్బా వెనక ఊరికే వేలాడుతోంది. ఇంతసేపూ వాడు అటు చూస్తే గదా.

"ఎందుకు పీకావు?"

"నీ ఫోటోలు పోయినప్పట్నుంచీ ఎవరి కంప్యూటరైనా ఇంతే. పాత డిస్కుకి కరెంటు తీసెయ్యందే సిస్టం ఎక్కించను. కరెంటే లేకపోతే, నా చెయ్యి జారినా చెరగదు గదా. తీసింది మర్చిపోతానని చీటీ రాసుకుంటా."

"మరి చీటీ రాసింది మర్చిపోతే?"

వాడు గబగబా కీబోర్డు దగ్గరికి జరిగి సిస్టం ఎక్కించడం మొదలుపెట్టాడు.

సిస్టం ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. అప్పుడు వైరు తగిలించాడు. పెట్టెలోంచి గుర్రుమని సన్నటి చప్పుడు మొదలయ్యేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. తొమ్మిదేళ్ళ ప్లాన్లూ తెర మీద వరసగా వచ్చాయి. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వాం.

ఫోటోలు పోయిన బాధ ఆరేళ్ళుగా నాకొక్కదానికే ఉందనుకున్నాను. ఎంత పొరపాటు! వాడు దాన్ని ప్రతి కంప్యూటర్ దగ్గరా గుర్తుచేసుకుంటూనే ఉన్నాడు.

రేకు బిగిస్తూ చీటీ చించబోయాడు. వద్దని చెయ్యి పట్టుకున్నాను.

"ఉంచరా. మళ్ళీ పాడైతే నీ దగ్గరికే తెస్తా. ఈసారి మాత్రం బయటి వైపు అంటించు."