గంట కొట్టమనే మాట

లైవ్ చాలా బాగుందని ఫోన్ చేసి అన్నారు మీరు. బాగుండకేం? మీకు చూపించింది ఆ వీడియో వాళ్ళు ఏరి పంపిన బొమ్మలే. నేను ఆ రోజంతా చర్చి బయట వాళ్ళు వేసుకున్న పందిట్లోనే కూర్చున్నాను. అక్కడేం జరిగిందో మీరు వినాలి.

మా కొత్త చర్చి ప్రతిష్ఠ అది. గోపురం మీది గంట మా అక్క పుణ్యం, అంటే మీ పెద్దమ్మమ్మది. వంట చేసేటప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, ఆదివారం చర్చికి తీసుకెళ్ళడం మా ఆడవాళ్ళకి అలవాటు. అక్క ఏళ్ళ తరబడి ఇల్లిల్లూ తిరిగి, "ఏమ్మా, ఈ వారం నీ పిడికిలి చిన్నదైందేం?" అని కోడళ్ళని దెబ్బలాడి మరీ ఆ బియ్యంతో గంట కొనిపించింది. తీరా గంట ఎక్కించే నాటికి తుంటి విరిగి, నల్లపాడులో కొడుకింట్లో మంచం మీద ఉంది. ఆమె కోరింది ఒక్కటే, గంట మోగడం కళ్ళతో చూడాలి. "వినడం కాదే, చూడాలి" అని నాతో నొక్కి చెప్పింది. అందుకని ఆమె మంచం ఎదురుగా టీవీలో లైవ్ పెట్టించి, నేనిక్కడ ఫోన్ పట్టుకుని కూర్చున్నాను.

వీడియో ఆయన గుంటూరు నుంచి వచ్చాడు. నలభై దాటినవాడు, మర్యాదస్తుడు. ఆరాధనలో ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి ఒక మనిషి కావాలంటే నన్ను పక్కన కూర్చోబెట్టారు. ఆయన ముందు చిన్న చిన్న టీవీలు. ఒక కెమెరా పాస్టరు అయ్యగారి మీద, రెండోది గంట మీద, మూడోది జనం మీద. అందరి చెవులకీ హెడ్‌సెట్లు, గంట తాడు పట్టుకుని గోపురంలో నిలబడ్డ చర్చి కాపలా ఆయనకి కూడా.

"సాఫీగా పోవాలంటే ఒకటే మామ్మగారూ" అన్నాడు. "ఏ మాటకి ఎవరు కదలాలో ముందే అనుకోవాలి. అయ్యగారు ఆమెన్ అనగానే గంట, రెండో కెమెరా. అంతే."

ముందు రోజు ఖాళీ చర్చిలో చేసి చూసుకున్నారు. దివ్యంగా వచ్చింది. ఖాళీ చర్చిలో ఆమెన్ అనడానికి ఎవరున్నారు?

మర్నాడు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. "ప్రభువా, ఇంతవరకు మమ్మల్ని నడిపించావు..." అన్నారో లేదో, ముందు వరుసలోంచి సంఘపెద్ద "ఆమెన్!" అని గట్టిగా అన్నాడు. గంట ఖణేల్‌మంది.

వీడియో ఆయన ఎగిరిపడ్డాడు. "తప్పు గంట! రెండో కెమెరా వద్దు, ఒకటో దాని మీదే ఉండండి. తప్పు గంట లైవ్‌లో చూపించను!"

ఫోన్లో అక్క. "ఏమే, మోగుతుంది. నాకు అయ్యగారి బట్టతల కనపడుతుందేంటే?"

"ఆగక్కా, ఇది కాదంట."

"ఇది కాకపోతే ఎన్ని గంటలు కొన్నామే మనం?"

మా మీటింగుల్లో టైమైపోతే గంట కొడతారు కదా, పాపం అయ్యగారు అదే అనుకున్నారు. వాచీ చూసుకుని ప్రార్థన వేగం పెంచారు. ఆయన వేగం పెంచితే పరిశుద్ధాత్మ దిగిందనుకుని జనం ఇంకా ఎక్కువ ఆమెన్లు అన్నారు. ఎన్ని ఆమెన్లో అన్ని గంటలు. అన్ని గంటలకీ ఆయన ఇంకా తొందరపడ్డారు.

వీడియో ఆయన చెమట తుడుచుకుని నా వైపు తిరిగాడు. "మామ్మగారూ, ప్రార్థనలో ఎవరూ అనని మాట ఒకటి చెప్పండి. ఆ మాట నేనంటేనే గంట కొడతాడు."

ఎదురుగా కళ్ళంలో మిరపకాయలు ఎర్రగా ఎండుతున్నాయి. "మిరపకాయ అను బాబూ" అన్నాను.

ఆయన హెడ్‌సెట్లో అందరికీ చెప్పాడు. కెమెరా వాళ్ళు సరేనన్నారు. గోపురంలోంచి, "ఏం కాయండీ?" అని వినపడింది.

"మిరపకాయ!"

ఖణేల్.

"ఇప్పుడు కాదయ్యా బాబూ!"

అదలా ఉండగానే అయ్యగారు పంటల మీదకి వచ్చారు. ఈ ఊళ్ళో నిలబడి పంటల కోసం ప్రార్థిస్తూ ఇంకేమంటారు? "ప్రభువా, ఈ మిరపకాయకు మంచి ధర దయచేయి!" గంట మోగింది. చర్చి మొత్తం లేచి ఆమెన్ అంది. ధర గురించి కదా, ఆరోజు అన్నిటికన్నా పెద్ద ఆమెన్ అదే.

"హెడ్‌సెట్ తీసి కింద పెట్టండి, నేను చెప్పేదాకా తాడు ముట్టుకోకండి!" అని వీడియో ఆయన గోపురానికి చెప్పాడు. కాపలా ఆయన తీసి పెట్టేశాడు. ఇక చెప్పడం ఎలాగో ఎవరికీ తట్టలేదు.

అసలు ఆమెన్ వచ్చింది. లైవ్ రెండో కెమెరాకి మారింది. గంట మోగలేదు. వీడియో ఆయన హెడ్‌సెట్లో "మిరపకాయ, మిరపకాయ" అని బతిమాలుతున్నాడు. అయ్యగారు తలెత్తి గోపురం చూస్తున్నారు, జనమంతా చూస్తున్నారు.

"చూపిస్తున్నారే, చూపిస్తున్నారు!" అంది ఫోన్లో అక్క. "ఊరికే వేలాడుతుందేమే? పాడైందా?"

నేను గట్టిగా మాట్లాడగా మీరెప్పుడూ విని ఉండరు. పందిట్లోంచి బయటికొచ్చి, పైట సర్దుకుని, గోపురం వైపు తిరిగి అరిచాను.

"మిరపకాయ్!"

గంట మోగింది. లైవ్‌లో ఆడమనిషి గొంతు వినపడితే బయట ఎవరో మిరపకాయలమ్ముతున్నారు అనుకున్నామన్నారు మీరు. అది నేనే.

మా దగ్గర మోగిన కాసేపటికి గానీ నల్లపాడులో బొమ్మ రాదు. ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడ్డాను. ముందు అక్క టీవీలోంచి నా అరుపు నాకే వినపడింది. తర్వాత అక్క గదిలో గంట మోగింది. అక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది.

"కనపడిందా అక్కా?"

"కనపడిందే." మళ్ళీ ముక్కు చీదింది. "ఆ తాడు లాగేవాడు చెప్పులేసుకుని ఉన్నాడేంటే అక్కడ? విప్పి మళ్ళీ కొట్టమను."