అనాస, మీగడ, నా పాండిత్యం

పుస్తకంలో అచ్చయిన ప్రతి మాటా నిజమేనని నమ్మిన రోజులు నాకూ కొన్ని ఉండేవి. అరవైల చివర, విజయనగరంలో, ఎనిమిదో తరగతితో నన్ను బడి మాన్పించాక మిగతా చదువంతా గ్రంథాలయంలోనే చదివాను. (చదివానంటే, బీరువాలో ఏ వరసలో ఏది ఉంటే అది. గ్రహణాలు, తేనెటీగల పెంపకం, బాలింతల జాగ్రత్తలు, అన్నీ.) పదహారేళ్ళ పిల్ల ఒంటరిగా వీధిలోకి వెళ్ళకూడదు కాబట్టి శనివారం సాయంత్రాలు నానమ్మ తోడొచ్చేది. ఇంటికొచ్చాక నేను అందరికీ విటమిన్ల మీద ఉపన్యాసం ఇచ్చేదాన్ని, అదీ పుస్తకాల భాషలో. ఆ దర్జా తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. కొంచెం అసూయ కూడా.

ఆ శ్రావణమాసంలో ఓ రోజు మా నాన్న భోజనం చేస్తూ, "సాల్లేవే గుంటా, ఇంక ఆ శనివారాలు మానేసి వంట నేర్సుకో. పొత్తకాలు సదివినోళ్ళు పొయ్యి ముట్టించగలరేటి?" అన్నాడు. నేను తలెత్తి, "పుస్తకం చూసే వండగలను నాన్నా. వినాయక చవితి భోజనంలోకి ఒక వంటకం చేస్తాను. అది బాగుంటే నేను గ్రంథాలయం మానను" అన్నాను. నాన్న నవ్వి, "సరే. బాగోకపోతే మటుకు తెచ్చినవన్నీ ఇచ్చేసి రా. మరెల్లకు" అన్నాడు.

అప్పటికే వంటల పుస్తకమొకటి నా దగ్గరుంది. అందులో పొయ్యితో పనిలేని వంటకం ఒకటి కనిపించింది. అనాస, అరటి ముక్కలు, దానిమ్మ గింజలు, పంచదార వేసిన పాలమీగడలో కలిపి భోజనంలో నంజుకోవడానికి వడ్డించాలట. కొత్తవలసలో రైల్వే పని చేసే మా మేనత్త కొడుకు (మేం ఇంజను బావ అనేవాళ్ళం) పండగకి వస్తూ, కొత్తగా వేసిన లైను మీదుగా కొండల నుంచి దిగిన అనాసపళ్ళు రెండు తెచ్చాడు. నానమ్మ ప్రతి చవితికీ అనాస ముక్కల్ని బెల్లం, మిరియాలతో మగ్గబెట్టేది. నేను కత్తిపీట ముందు కూర్చోగానే వచ్చి, "ఓలమ్మ, అనాసని పొయ్యెక్కించకుండా పాలల్లో ఎయ్యకే. సేదెక్కిపోద్ది" అంది.

"వేడి తగిలితే విటమిన్ సి నశిస్తుంది నానమ్మా."

"నశిత్తే నశించనీ. ఆ సీ నేకుండా మేమింతకాలం బతకనేదేటి?"

ఆవిడ అజ్ఞానానికి జాలిపడి, పొద్దున్న ఎనిమిదింటికే పింగాణీ గిన్నెలో అన్నీ కలిపేశాను. మా ఇంట్లో నైవేద్యం అయ్యేదాకా ఎవరూ ఏదీ రుచి చూడకూడదు. వాసన కూడా పీల్చకూడదు. మా నాన్న వ్రతకథలో ఒక్క అక్షరం వదలకుండా చదివి హారతి ఇచ్చేసరికి ఒంటిగంట అయింది. అంతసేపూ నేను గిన్నెను దూరం నుంచి చూసి మురిసిపోతూనే ఉన్నాను.

ఆకులు వేశారు. నాన్న రెండు ముక్కలు నోట్లో వేసుకున్నాడు. నోరు కదలడం ఆగిపోయింది. పక్కన ఇంజను బావ, "మావా, కాకరకాయ పాయసమేటిది?" అన్నాడు. నాన్న ఎలాగో మింగి, "మనకంటే ముందు దేవుడు తిన్నాడ్రా. ఆయనేటనుకున్నాడో, పాపం" అన్నాడు. నేను వేలితో తీసి నాకి చూశాను. కుంకుడురసం! లోపలికి పరుగెత్తి పుస్తకం తీశాను. నేను తిప్పని పేజీలో మొదటి వాక్యమే ఇలా ఉంది: డబ్బాలో నిలవచేసిన అనాస ముక్కలే వాడవలెను, పచ్చివి చేదెక్కును.

"గుంటా, ఆ పొత్తకాలిలాగ తే" అని నాన్న పిలుపు. నేను కళ్ళనీళ్ళతో గడప దగ్గరికి వచ్చేసరికి నానమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"దాన్నేటంటావురా? పచ్చివే ఎయ్యమన్నది నేను. ముసిల్దాన్ని, మతిపోనాది."

"నువ్వా? అనాస పాలల్లో ఎయ్యమన్నావా?"

"నేనే" అంటూ గిన్నెలోంచి నాలుగు ముక్కలు అరచేతిలో వేసుకుని, తాపీగా నమిలి మింగి, "అంత సేదేటి నేదు" అంది.

నాన్న వినాయకుడి వంక చూశాడు, తల్లి వంక చూశాడు, ఆకు వంక చూసుకున్నాడు. "సర్లే. శనివారాలు ఎల్లండి. బేగి సారు పొయ్యండి, ముందీ సేదు పోవాల" అన్నాడు.

ఆ శనివారం దారిలో అడిగాను, పండగపూట దేవుడి ముందు నా చదువు కోసం అబద్ధమెందుకాడావని. నానమ్మ నడక ఆపకుండానే, "నీ సదువు కోసమనుకున్నావేటే? నువ్వు మానేస్తే నన్నెవులు బైటికి తీసుకెల్తారు? మీ తాత పోనాక నేను గుమ్మం దాటీది ఈ ఒక్కపూటే కదా" అంది.

అన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ సంగతి ఎక్కడా కనిపించలేదు. ఆ రోజు నేను ఏ పుస్తకం తెచ్చుకున్నానో గుర్తులేదు గానీ, తిరిగొచ్చేటప్పుడు తిన్నగా ఇంటికి రాకుండా కోట చుట్టూ తిప్పి తీసుకొచ్చాను. బళ్ళనీ, మనుషుల్నీ, దుకాణాల ముందు వేలాడే గాజుల్నీ నానమ్మ ఆగి ఆగి చూసింది. ఆలస్యమెందుకైందని ఇంట్లో అడిగితే, గ్రంథాలయంలో పుస్తకం దొరకడానికి చాలాసేపు పట్టిందని చెప్పాను. నానమ్మ నా వంక చూడకుండా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. ఆ పదహారేళ్ళ పండితురాలు చేసిన తెలివైన పని బహుశా అదొక్కటే. ఇప్పుడు నాకు ఆవిడ వయసు దాటింది. ఎక్కడికి వెళ్ళాలన్నా ఎవరినీ అడగక్కర్లేదు. అయినా ఒక్కోసారి శనివారం సాయంత్రం చెప్పులు వేసుకున్నాక, బేగి రావే అని గుమ్మంలోంచి ఎవరైనా తొందరపెడితే బాగుండుననిపిస్తుంది.