కరెంటు పోయింది

మా మేనమామకు తాండూరులో మోటార్ల వైండింగ్ షాపు ఉంది. తీగ అంటే ఆయనకు రాగి, అదీ కిలోల్లో. హైదరాబాదులో నేను చేసే పరిశోధన తీగల మీదేనని తెలిసినరోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని కిలోలు చేసినవ్ బిడ్డా?"

ఐదేళ్లదీ కలిపినా కాటా ముల్లు కదలదని చెప్పలేదు. పని మాత్రం వివరించాను. కణాల్లో ఉండే డీఎన్‌ఏ ఒక సన్నటి దారం. దాన్ని గాజుపలక మీద రెండు బంగారు కొసల మధ్య పరిచి వెండి ద్రావణంలో ముంచితే, దారం వెంబడి వెండి పేరుకుంటుంది. అదే తీగ. కంటికి కనబడదు. దాని గుండా కరెంటు కూడా పోదు. కరెంటు పోతేనే పేపరు, పేపరుంటేనే పట్టా అని మా గైడు తేల్చేశారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం పోయింది. వెంటనే ఫోన్ చేశాను. "మామా, కరెంటు పోయింది!"

"మా దగ్గర ఉన్నది బిడ్డా. మీకాడ ఎప్పుడొస్తదట?"

మర్నాడు ఊరికి పోతూ, వికారాబాద్‌లో రైలు ఆగగానే దిగి మిఠాయి డబ్బా కొని, పరిగెత్తి మళ్లీ ఎక్కాను. అంత చురుకుతనం పరిశోధనలో ఎన్నడూ చూపలేదు.

మామ ఒక ముక్క నోట్లో వేసుకుని, "తీగ తీసి చూసినవా?" అన్నాడు.

"తీస్తే ఇంకేం చూస్తం మామా?"

"జర ఇను. పని నేర్చుకునేటప్పుడు మోటరు చుట్టి బల్బు పెట్టి చూసిన. వెలిగింది. మస్తు సంబురపడ్డ. మోటరు పక్కకు పెట్టినంక గూడ వెలుగుతనే ఉన్నది. బల్బు వైర్ల క్లిప్పులు రెండు కింద ఇనుప రేకుకు తాకుతున్నయి."

నేను తీసుకున్న ముక్క మళ్లీ డబ్బాలో పెట్టేశాను. తీగ లేకుండా కూడా చూడాలన్నది, కొత్తగా చేరిన పిల్లలకు నేనే చెప్పే పాఠం.

సోమవారం, దారం వేయని ఉత్తి పలకను ముంచి చూశాను. పలకంతా వెండి రేకులా పరుచుకుంది. కరెంటు ఇంకా హాయిగా పోయింది. నా తీగే దానికి అడ్డమొచ్చినట్టుంది.

అప్పటికే పేపరు సగం రాసేశాను. ఈ సంగతి తెలిసింది నాకొక్కదానికే. అనుమానం మామకుంది గానీ ఆయన సైన్సు పత్రికలు చదవడు. దాచేద్దామన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. సాయంత్రం దాకా వచ్చింది. ఆ తర్వాత వెళ్లి ఉత్తి పలక గ్రాఫు గైడు బల్ల మీద పెట్టాను. ఆయన చాలాసేపు చూసి, "టీ తాగారా?" అన్నారు. ఐదేళ్లలో నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి.

బయటికొచ్చి ఫోన్ చేశాను. "మామా, కరెంటు పోయింది."

"గట్లనా బిడ్డా," అన్నాడు. మళ్లీ తనే, "మిఠాయైతె మంచిగుండె," అన్నాడు.