రైలు నడిచిన దారిలో మేమిద్దరం

మా అనకాపల్లికి కాస్త దూరంలో, రెండు కొండల నడుమ, క్వారీ రాయి మోసిన పాత రైలు దారి ఒకటుంది. క్వారీ మూతబడ్డాక పట్టాలు తీసేసి, దాన్ని నడకదారి చేశారు. మొన్న ఆదివారం మా ఆయనా నేనూ వెళ్లాం. అటూ ఇటూ నిట్టనిలువు బండలు, కింద పారే గెడ్డ. కళ్లు చాలలేదు.

ఆయన మాత్రం ముందు నడుస్తూ, వెనక్కి తిరగకుండానే గట్టిగా కబుర్లు చెబుతున్నారు. నేను వెనక నుంచి ఊఁ కొడుతున్నాను. పెళ్లయినప్పటి నుంచీ చెరకు తోటకైనా వరి మడికైనా గట్ల మీద ఇలాగే వెళ్లాం. గట్టు మీద ఇద్దరు పక్కపక్కన పట్టరు. ఇక్కడా మా కాళ్లకి అదే అలవాటు. నాకు ఒళ్లు మండింది.

"మావా, ఇది రైలు ఎల్లిన దారి. మనిద్దరం పట్టమేటి?" అన్నాను.

ఆయన ఆగి, ఓ వారకి తప్పుకున్నారు. "అయితే నువ్వే ముందు నడు."

"ముందుకి కాదు. నా పక్కకి రా."

వచ్చారు. అంతసేపూ గట్టిగా మాట్లాడిన మనిషికి, నా పక్కన నడుస్తుంటే ఒక్క మాటా రాలేదు. ఏం ఫరవాలేదు, దారంతా నేనే మాట్లాడాను.