ముడతలు లేని చొక్కా

ఆ అపార్టుమెంటులో ఎవరి ఉద్యోగం ఊడినా ఇంట్లోవాళ్ళ కంటే ముందు ఇస్త్రీ పిన్నికే తెలిసేది. మెట్ల కింద గదిలో బల్ల వేసుకుని ఏళ్ళ తరబడి అందరి బట్టలూ ఆమే ఇస్త్రీ చేస్తోంది. రోజూ వచ్చే చొక్కాలు ఉన్నట్టుండి రావడం మానేస్తే, ఆ ఇంటాయన పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఎంత హడావుడిగా దిగినా ఆమె నమ్మేది కాదు. ఈయన వెళ్ళేది ఆఫీసుకి కాదు, ఏ పార్కు బెంచీ మీదకో అనుకునేది. పైకి మాత్రం "బాగున్నారా సార్?" అని నవ్వేది. మనుషులు చెప్పేది ఆమె సగమే వింటుంది, మిగతా సగం బట్టల్ని అడుగుతుంది.

అలాంటి మనిషికి సొంత కూతురి మీదే అనుమానం వచ్చింది.

ఇద్దరు కూతుళ్ళలో పెద్దది ఇంజనీరింగ్ చదివింది. మొగుడు పోయాక పిన్ని, పిక్కల్లో నరాలు ఉబ్బేదాకా నిలబడి దాన్ని చదివించింది. ఆమెకి సర్క్యూట్లు తెలియవు, సెమిస్టర్లు తెలియవు. తన కూతురు కూర్చుని పని చెయ్యాలి, అంతే. ఉద్యోగం వచ్చిందని పెద్దది చెప్పిన రోజు పిన్ని అడిగింది ఒకటే.

"కుర్చీ ఉంటుందా?"

"ఉంటుందమ్మా, తిరిగే కుర్చీ."

ఆ తిరిగే కుర్చీని పిన్ని అపార్టుమెంటంతా తిప్పింది. కింద వాచ్‌మన్ దగ్గర్నించి పై అంతస్తు రిటైర్డ్ మాస్టారి దాకా దాని గురించి వినని వాళ్ళు లేరు.

మరి పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే మనిషి చొక్కాకి వెనక నడుం దగ్గర అడ్డంగా ముడతలు పడాలి కదా? మోచేతుల లోపల నలగాలి. పెద్దది ఆఫీసుకని రోజూ తొడుక్కెళ్ళే చొక్కాకి అవేవీ లేవు. వాటికి బదులు, ఎవరో మళ్ళీ మడిచి పెట్టినట్టు గీతలున్నాయి. పిన్ని మడిచే తీరు వేరు, ఇది వేరు. చెమట వాసన కూడా లేదు. అంటే పగలంతా ఆ చొక్కా పిల్ల ఒంటి మీద లేదు.

ఆఫీసుకని వెళ్ళిన ఆడపిల్ల పగటిపూట చొక్కా విప్పి మడిచి పెట్టుకునే ఉద్యోగం ఏమిటి? ఆలోచన పోకూడని చోట్లకల్లా పోయింది. ఛీ, కన్నకూతురి గురించి ఇదేం బుద్ధి అని తనని తానే తిట్టుకుంది. తిట్టుకుంటూనే మర్నాడు మళ్ళీ చొక్కా వాసన చూసింది.

దీనికి తోడు చిన్నదాని గొడవొకటి. దానికీ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. చేరేదీ లేనిదీ ఆ వారంలోనే తేల్చి చెప్పాలి. అక్కలాగే అవుతానని చిన్నది ఎగిరి గంతులేస్తుంటే, అడ్డం తిరిగింది అక్కే.

"దాన్ని చేర్చకమ్మా."

"ఎందుకే?"

"వద్దంటున్నాగా. ఎందుకని అడక్కు."

"నువ్వు బాగుపడ్డావు. అది బాగుపడితే నీ సొమ్మేం పోయిందే?"

పెద్దది అన్నం మధ్యలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఓర్వలేనితనమా, లేక ఇంకేదైనా దాస్తోందా? పిన్ని కూడా కంచం పక్కకి తోసేసింది.

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకేసి, తలుపుకి తాళం వేసి, కూతురి వెనకాలే అదే బస్సెక్కింది. పెద్దది ముందు సీట్లో, తను జనం మధ్యలో. అద్దాల ఆఫీసులున్న స్టాపు వచ్చింది. పెద్దది దిగలేదు. ఇంకాస్త దూరం పోయాక దిగి, ఒక పెద్ద ఎలక్ట్రికల్ షోరూము పక్క సందులోంచి లోపలికి జారుకుంది.

షోరూము తెరిచేదాకా పిన్ని ఎదురుగా ఉన్న మందుల షాపు అరుగు మీద కూర్చుంది. తెరవగానే లోపలికి నడిచింది. తలుపు దగ్గర గార్డు పైనుంచి కింది దాకా చూశాడు. "చూసి పోతాలే నాయనా," అని దాటేసింది.

ఫ్రిజ్‌ల వెనక నుంచి వినబడింది పెద్దదాని గొంతు.

"దీన్ని హ్యాంగర్‌కి తగిలించిన చొక్కా మీద ఇలా పోనిస్తే చాలు సార్. ఆవిరికే ముడతలు పోతాయి. ఇంక బట్టలు బయట ఇస్త్రీకి ఇవ్వక్కర్లేదు."

పిన్ని ఫ్రిజ్ పట్టుకుని నిలబడిపోయింది. కూతురి ఒంటి మీద కంపెనీ బొమ్మ ఉన్న నీలం టీషర్టు. అది ఎంత నలిగి ఉందంటే, ఉండచుట్టి రోజూ ఇక్కడే ఏ మూలో కుక్కుతోందని దూరం నుంచే తెలుస్తోంది. ఇంటికి తెస్తే దొరికిపోతుంది, అందుకని ఇస్త్రీ లేదు. ఇస్త్రీ మిషను అమ్మే పిల్ల, ఇస్త్రీ పిన్ని కూతురు, అపార్టుమెంటు మొత్తంలో ఎవరూ వేసుకోనంత నలిగిన బట్ట వేసుకుని నవ్వుతోంది. ఆ చుట్టుపక్కల కుర్చీ అన్నదే లేదు.

కొనడానికి వచ్చినాయన తల గోక్కుంటున్నాడు. పిన్ని ముందుకు నడిచింది.

"ప్యాంటు గీత నిలుస్తుందా దీనితో?"

పెద్దది తలెత్తింది. చేతిలో మిషను ఆవిరి కక్కుతూనే ఉంది.

"నిలవదు," అంది. "దానికి పెట్టెతో ఇస్త్రీ చెయ్యాల్సిందే."

కొనేవాడు వెళ్ళిపోయాడు. వెనక మెట్ల దగ్గర తల్లీకూతుళ్ళు నిలబడ్డారు.

"నేను ఏమేమో అనుకున్నానే," అని పిన్ని కళ్ళొత్తుకుంది. "ఏమనుకున్నానో అడక్కు, చెప్పలేను. దీనికా నీ చదువు?"

"చాలా చోట్ల తిరిగానమ్మా. చివరికి ఇక్కడ నిలబడ్డానికి కూడా ఇంజనీరింగ్ ఉండాలన్నారు. అది లేనివాళ్ళని గేటు దగ్గరే పంపేశారు. మరి అది పనికొచ్చినట్టా, రానట్టా? నాకే తెలీదు. చెల్లికేం చెప్పను?"

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు కుర్చీ అడిగావు."

ఆ అబద్ధాన్ని కూతురు ఒక్కసారే ఆడింది, ఊరంతా చాటింది తనే. పిన్నికి సిగ్గేసింది.

"ఆ టీషర్టు సాయంత్రం ఇంటికి పట్రా," అంది.

మర్నాడు పెద్దది ఇస్త్రీ చేసిన నీలం టీషర్టు ఇంట్లోనే వేసుకుని, అందరి ముందూ గేటు దాటింది. చిన్నదాన్ని కూడా వెంట పంపింది పిన్ని. "ఇవాళంతా అక్క పక్కన నిలబడు. ఆ తర్వాత నువ్వే చెప్పు."

సాయంత్రం చిన్నది వచ్చి గడప మీద కూలబడి పాదాలు పిసుక్కుంది. పిన్ని ఇస్త్రీ ఆపకుండానే, అలవాటు కొద్దీ, దాని చొక్కా వెనక వైపు చూసింది. నడుం దగ్గర ఒక్క ముడత లేదు. పిల్ల రోజంతా నిజంగానే నిలబడింది.

"చేరతానమ్మా," అంది చిన్నది.

"అంతా చూశాక కూడానా?"

"చూశాకే. కానీ నాకు ఉద్యోగమొస్తే కుర్చీ ఉందా అని అడక్కు."

పిన్ని చేతి కింద పెట్టె ఆగిపోయి, ఎవరిదో తెల్ల చొక్కా కాలింది.